సపోటా దిమ్మలు ఆరేలోగా

నా గొంతుకు ఆపరేషన్ అయిన వేసవిలో నేను కట్టెలు వెతకడం మొదలుపెట్టాను. అప్పటికి చాలా ఏళ్లుగా సినిమాల్లో డబ్బింగ్ చెబుతున్నాను. తెర మీద ఎవరో అమ్మాయి నవ్వుతుంది, అలుగుతుంది, హీరోను తిడుతుంది. ఆ మాటలు మాత్రం ఫిల్మ్ నగర్‌లో ఒక చల్లటి గదిలో, చెప్పులు బయట విడిచి, మైకు ముందు నిలబడి నేను చెప్పినవి. నా ముఖం ఎవరికీ తెలియదు. కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే పక్కనున్నవాళ్లు ఒక్కోసారి తల తిప్పి చూసేవారు, ఈ గొంతు ఎక్కడో విన్నామే అన్నట్టు.

దయ్యం పట్టిన అమ్మాయి పాత్రకు రోజంతా కేకలు పెట్టాక గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగాను, ఆవిరి పట్టాను, తగ్గలేదు. స్వరతంతువు మీద చిన్న బుడిపె ఉందని చెప్పి డాక్టరు దాన్ని తీసేశాడు. మొదట కొన్నాళ్లు ఒక్క మాట కూడా వద్దన్నాడు. తర్వాత చూసి, వాపు ఇంకా ఉందని, ఇంట్లో కావాలంటే నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పుకోమని, గడప దాటితే నోరు విప్పవద్దని అన్నాడు. గుసగుస కూడా కూడదట. గుసగుసలాడితే గొంతుకు ఇంకా శ్రమట. అది నాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు. షూటింగ్ ఎక్కడుంటే అక్కడ ఉంటాడు. పిల్లలు లేరు. మేం ఉండేది ఫిల్మ్ నగర్ దిగువన ఒక పాత ఇంటి కింది వాటాలో. ఇంటివాళ్లకు కారు లేదు కాబట్టి కారు షెడ్డు ఖాళీగా ఉండేది. పనీ మాటా రెండూ లేకుండా నేను ఆ ఇంట్లో గది నుంచి గదికి తిరుగుతుండటం చూసి ఆయనకు ఏం తోచిందో ఏమో, ఒకరోజు ట్రాలీ ఆటోలో ఒక లేత్ మిషన్ వేయించుకొని వచ్చాడు. కొయ్యను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం. సెట్ల సామాను దాచే ఒక గోడౌను ఖాళీ చేసి అక్కడ కాఫీ షాపు పెడుతున్నారట. జమీందారు మేడల సెట్లకు మెట్ల పక్క కర్రలు, మంచం కోళ్లు ఒకప్పుడు దాని మీదే చేసేవారు. ఇప్పుడవన్నీ థర్మోకోల్‌తో కోసి రంగు వేస్తున్నారు. దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేసేయబోతుంటే ఈయన అడిగి తెచ్చుకున్నాడు.

"దీన్నేం చేస్తారు?" అని పలక మీద రాసి చూపించాను.

"నేను కాదు, నువ్వే. చిన్నప్పుడు మీ ఊళ్లో బొమ్మలు చేసేవాళ్ల దగ్గర గంటలు గంటలు కూర్చునేదాన్నని చెప్పావుగా," అన్నాడు.

చెప్పిన మాట నిజమే. మా అమ్మమ్మ ఆ యంత్రాన్ని తరిమెన అనేది. అప్పట్లో దాన్ని తాడుతో తిప్పేవారు. ఇప్పుడిది కరెంటుతో తిరుగుతుంది. అంతకు మించి నాకు తెలిసింది ఏమీ లేదు. వీడియోలు చూసి ఉలి పట్టుకోవడం నేర్చుకున్నాను. విరిగిన కుర్చీ కాళ్లు, పాత కిటికీ చట్రాలు తిప్పి కవ్వాలు, పప్పుగుత్తులు చేశాను. అవి తొందరగానే అయిపోయాయి. ఆ తర్వాత కొయ్య కోసం చూస్తే ఫిల్మ్ నగర్‌లో దొరకలేదు. అక్కడ స్తంభంలా కనిపించేది స్తంభం కాదు, తలుపులా కనిపించేది తలుపు కాదు. మేకు కొడితే నురగ రాలుతుంది.

మొదటి పచ్చి కొయ్య శ్రీనగర్ కాలనీలో దొరికింది. ఎవరో ఇంటి ముందు జామచెట్టు కొట్టేసి దుంగలు రోడ్డు పక్కన పడేశారు. రెండు మూడు మోసుకొచ్చి, బాగా ఎండాలి కదా అని మేడ మీద ఎర్రటి ఎండలో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం గదిలో పడుకొని ఉంటే పైన టప్పుమని చప్పుడైంది. పిల్లి ఏదైనా పడేసిందేమో అనుకున్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే దుంగలన్నీ నడిమి నుంచి అంచు దాకా చీలి ఉన్నాయి. చీలికలో వేలు పట్టేంత సందు.

అప్పుడు గానీ అర్థం కాలేదు. పచ్చి కొయ్యలో నీళ్లుంటాయి. ఆ నీళ్లు కోసిన కొనల నుంచి తొందరగా పోతాయి, పక్కల నుంచి మెల్లగా పోతాయి. కొనలు ముందే ఆరి కుంచించుకుపోతే లోపలి తడి కొయ్య ఒప్పుకోదు. అందుకని పగులుతుంది. కాబట్టి కోసిన వెంటనే కొనలకు కరిగించిన మైనం పూయాలి. దుంగను నిలువునా రెండుగా చీల్చి నడిమి బెండును తీసేయాలి. తర్వాత ఎండ తగలని చోట, గాలి ఆడేలా, అడుగున చెక్కలు పరిచి పేర్చాలి. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. నెలలు, కొన్నిసార్లు ఏళ్లు, ఊరికే ఉండాలి. అలా సిద్ధం చేసిన ముక్కను దిమ్మ అంటారు.

పొద్దున్నే జూబిలీహిల్స్ రోడ్ల మీద నడవడం అలవాటైంది. వానలకు ముందు కరెంటు తీగలకు తగలకుండా కొమ్మలు నరుకుతారు. గాలివాన వస్తే నిద్రగన్నేరు కొమ్మలు గోడల మీద పడతాయి. పాత బంగళాలు కూల్చి కొత్తవి కడుతుంటారు, ముందుగా పోయేది చెట్లే. ఫోన్‌లో తెలుగులోనూ హిందీలోనూ రాసి పెట్టుకున్నాను: గొంతు బాగోలేదు, మాట్లాడకూడదు, ఈ కట్టె తీసుకోవచ్చా అని. వాచ్‌మెన్లు చదివి కొందరు జాలిపడేవారు, కొందరు అనుమానంగా చూసేవారు. ఒకాయన లోపలికి వెళ్లి ఇరవై రూపాయల నోటు తెచ్చి చేతిలో పెట్టబోయాడు. కాళ్లకు నడక బూట్లు, చేతిలో మంచి ఫోను ఉన్నా, నోరు లేని మనిషి కట్టెలు అడిగితే ఆయనకు అలాగే తోచింది కాబోలు.

మంచి దుంగలు మాత్రం నేను వెళ్లేసరికే లారీ ఎక్కేసేవి. ఒకరోజు అలాంటి లారీ వెనకే ఆటోలో వెళ్లాను. కృష్ణానగర్ దాటాక, ఒక సందు చివర, రేకుల గోడ వెనక కట్టెల అడితి. హోటళ్ల పొయ్యిలకు, పెళ్లి వంటలకు, శ్మశానానికి అక్కడి నుంచే కట్టెలు వెళతాయి. కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒకామె కూర్చొని ఉంది. నాకంటే పెద్దది, యాభై దాటి ఉంటుంది. నుదుట పెద్ద బొట్టు, చీర కొంగు నడుముకు బిగించి ఉంది.

"ఏం గావాలె?" అంది.

ఫోను చూపించాను. దాన్ని చేత్తో పక్కకు జరిపింది.

"నాకు సదువు రాదు. నోటితోని చెప్పు."

గొంతు మీద చెయ్యి పెట్టుకొని అడ్డంగా ఊపాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది.

"అయ్యో, మాటలు రావా?" అని, కట్టెలు కొడుతున్న పనివాడి వైపు తిరిగి, "ఓ, గీ మేడమ్ మూగదంట. జర స్టూలు తీస్కరా," అంది.

కాదని తల ఊపాను. కోత చూపిద్దామంటే అది గొంతు లోపల ఉంది. నేను తల ఊపిన కొద్దీ, కూర్చోవడానికి మొహమాటపడుతున్నాననుకొని భుజం పట్టుకొని కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి అక్కడ నేను మూగామెను.

కావలసిన దుంగల్ని వేలితో చూపించేదాన్ని. మొదట్లో ఆమె చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అరిచి చెప్పేది. నాకు వినపడుతుందని తెలిశాక మామూలుగా చెప్పడం మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఇక ఆపలేదు. భర్త పోయాక అడితి తనే నడుపుతోంది. కొడుకు లారీ తోలుతాడు. కోడలికి కట్టెల దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి, అందుకని ఇటు రాదు. చింత మంట నిలుస్తుందని బిర్యానీ హోటలువాళ్లు వేరేది ముట్టరు. తురాయి దేనికీ పనికిరాదు. ఆమెకు చెట్టంటే మండేదా, మండనిదా అన్నదే లెక్క. నేను ఏరుకునేవి చాలావరకు మండనివి కాబట్టి మా ఇద్దరికీ పేచీ లేకపోయింది.

"మండనియి ఏం జేస్తవమ్మా నువ్వు?" అని అడిగింది ఒకసారి. చేతులతో గిన్నె ఆకారం చేసి చూపించాను. "గిన్నెనా? కట్టెతోనా? ఇంట్ల స్టీలు లేదా?" అని నవ్వింది. నేనూ చప్పుడు లేకుండా నవ్వాను.

తొలకరి వానలు పడ్డాక ఒక సపోటా మాను వచ్చింది. జూబిలీహిల్స్‌లో ఒక పాత బంగళా కూలుస్తుంటే కొట్టేసినది. అంత లావు సపోటాను నేనెప్పుడూ చూడలేదు. కోసిన చోట పాలు కారి గడ్డకట్టి ఉన్నాయి. లోపల కొయ్య ముదురు బెల్లం రంగు.

"గిది ఒట్టి పొగ పెడ్తది. నీ కోసమే పక్కకు పెట్టించిన. తీస్కపో," అంది.

పనివాడు మిషన్ రంపంతో ముక్కలు చేసి, నేను సుద్దతో గీసి చూపించినట్టు నిలువునా చీల్చి నడుమ తీసేశాడు. ఆటోలో రెండు విడతలుగా ఇంటికి చేర్చాను. ఆ పూటంతా స్టవ్ మీద మైనం కరిగించి కుంచెతో కొనలకు పూశాను. షెడ్డులో చెక్కలు పరిచి గోడకు తగలకుండా పేర్చి, పైన గోనెసంచులు కప్పాను. ఒక్కో దిమ్మ మీద చెయ్యి పెడితే కుండలా చల్లగా ఉండేది. వానాకాలంలో పగుళ్ల బెడద తక్కువ, బూజు బెడద ఎక్కువ. గోనెలు తీసి గాలికి పెట్టడం, గుడ్డతో తుడవడం, అటువి ఇటు ఇటువి అటు మార్చడం, ఇదే పని. బరువు తగ్గుతోందేమో అని ఒక దిమ్మను అప్పుడప్పుడూ ఇంట్లో బరువు చూసుకునే కాటా మీద పెట్టి చూసేదాన్ని. తగ్గుతోంది, కానీ చాలా మెల్లగా. అది నాకు సరిపోయింది. తొందర పెట్టేవాళ్లెవరూ లేరు.

ఆ వానల్లోనే ఒక రోజు అడితికి వెళితే ఆమె ఒక్కతే ఉంది. పనివాడు టీకి వెళ్లాడు. రేకుల మీద వాన జోరుగా పడుతోంది. మామూలుగా కోడలి సంగతో, ఎదురింటి వాళ్ల సంగతో ఎత్తుకునేది. ఆ రోజు అవేవీ ఎత్తలేదు. తర్వాత కొంగు కింద, ఎడమ చంక పక్కన చెయ్యి పెట్టుకొని, "గీడ గడ్డ లెక్క తగులుతున్నది," అంది. "పోయిన బతుకమ్మకు ముందు రేగుపండంత ఉండె. ఇప్పుడు పెద్దగైంది. నొప్పి గిట్ల ఏం లేదు. ఎవ్వలకు చెప్పలే. కొడుక్కి ఎట్ల చెప్తం, మొగపిలగాడు. కోడలికి చెప్తే వాళ్లమ్మకు చెప్తది, వాళ్లమ్మ బస్తీ అంత చెప్తది. నీకు చెప్తే గోడకు చెప్పినట్టు."

అని చింత దుంగల సంగతిలోకి వెళ్లిపోయింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. సూది పొడిచినట్టు సైగ చేశాను, డాక్టరు చెవులకు గొట్టం పెట్టుకున్నట్టు చేశాను. "దవఖానా? గడ్డకా? కరిగిపోతదిలే," అని చెయ్యి విడిపించుకుంది. బిర్యానీ హోటలు బండి వచ్చింది. లేచి కాటా దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను, డాక్టరు ఒప్పుకున్న ఆ నాలుగు మాటల్లోనే.

"ఆవిడ కొడుక్కి చెప్పిస్తే సరి. నేను మాట్లాడనా?" అన్నాడు.

"వద్దండీ. కొడుక్కి తెలియకూడదనే కదా నాకు చెప్పింది," అన్నాను.

"మరి నువ్వెలా చెప్తావు?"

మర్నాడు ఒక ఉపాయం తట్టింది. రాసింది పైకి చదివే సదుపాయం ఫోన్‌లో ఉంది. చెప్పాల్సిందంతా రాసుకున్నాను. ఇలాంటి గడ్డను వెంటనే చూపించుకోవాలని, నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదని, నేను వెంట వస్తానని, ఎవరికీ తెలియదని. అడితికి వెళ్లి, ఆమె పక్కన కూర్చొని మీట నొక్కాను. ఫోనులోంచి ఒక ఆడగొంతు, విరామం తెలియకుండా, ఒత్తులు మింగేస్తూ, వార్తల్లో ఉష్ణోగ్రతలు చదివినట్టు మొదలుపెట్టింది: "అక్కా మీ గడ్డ గురించి..."

ఆమె ఉలిక్కిపడింది. తర్వాత పడీపడీ నవ్వింది. ఆ యంత్రం ఏం చెబుతోందో ఆమె వినలేదు. అది మాట్లాడుతోందన్నదే ఆమెకు పట్టింది.

"ఓ పిలగా, ఇటు రా, మేడమ్ ఫోను చూడు, మంచిగ మాట్లాడుతున్నది!" అని పనివాణ్ని కేకేసింది.

చప్పున ఆపేశాను. అతను వచ్చి నిలబడ్డాడు. "ఏదీ, ఇంకోపాలి పెట్టుమని చెప్పు," అన్నాడు. అతని ముందు ఆ సంగతి వినిపించలేను కదా. వాతావరణం వినిపించాను. ఇద్దరూ సంబరపడ్డారు.

పొట్ట కూటికి మాటలు చెప్పుకునేదాన్ని నేను. ఒకే వాక్యాన్ని ఏడుపుతో, ఏడుపు దిగమింగుతూ, దిగమింగలేక, ఎలా కావాలంటే అలా చెప్పేదాన్ని. ఆ రోజు ఇంటికి వచ్చి దిమ్మలు తిరగేస్తూ ఆ సంగతే ఆలోచించాను. బాధగా ఏమీ అనిపించలేదు. ఒక చిక్కు లెక్కలా అనిపించింది.

మళ్లీ వెళ్లినప్పుడు మిషన్ రంపం నడుస్తోంది. పనివాడు చెవులకు గుడ్డ కట్టుకొని వేపమాను కోస్తున్నాడు. ఆమె కోసిన ముక్కల్ని కుడిచేత్తో పక్కకు విసురుతోంది. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. నాలుగు ముక్కలు విసిరి, ఆగి, భుజం పట్టుకుంది. పనివాడికి వినపడదని నేను దగ్గరికి వెళ్లి, ఆమె చెవి పక్కన నోరు పెట్టి, రంపం హోరుకు మించి అరిచాను.

"అక్కా, రేపు ఆసుపత్రికి వెళ్దాం. ఆ గడ్డ అలా ఉంచుకోకూడదు. నేను తీసుకెళ్తాను."

ఆ వచ్చిన గొంతు నాది కాదు. గరుగ్గా, మగగొంతులా, మధ్యలో తెగిపోతూ వచ్చింది. లోపల ఏదో చిట్లినట్టు తెలిసింది. ఉప్పటి రుచి నాలుక మీదికి వచ్చింది.

ఆమె చేతిలో ముక్క కింద పడింది. పనివాణ్ని రంపం ఆపమని సైగ చేసి, అతను బయటికి వెళ్లేదాకా ఆగింది.

"మాట్లాడుతవా నువ్వు?"

తల ఊపాను.

"మొదటిసంది మాటలొచ్చునా?"

గొంతు చూపించి, కత్తెరతో కోసినట్టు వేళ్లు ఆడించాను. మళ్లీ మాట్లాడే ధైర్యం లేదు. ఆమెకు అది ఇంకా కోపం తెప్పించింది.

"మల్ల సైగలు! ఎన్ని సంగతులు చెప్పిన నీకు. నా కోడలి ముచ్చట, నా ఇంటి ముచ్చట, నా పానం ముచ్చట. మూగదానివనే చెప్పిన. నోరున్నోళ్లకు చెప్పేటియా అవి? పో, ఇగ ఇటు రాకు."

వచ్చేశాను. డాక్టరు చూసి, లోపల నెత్తురు చిమ్మిందని చెప్పాడు. కోప్పడలేదు, పెన్ను మూత పెట్టాడు. "ఇప్పుడేమీ చెప్పలేనమ్మా. మళ్లీ మొదటి నుంచి," అన్నాడు. పలక మళ్లీ బయటికి తీశాను.

అడితికి వెళ్లడం మానేశాను. దిమ్మలు దిమ్మల దారిన ఆరుతున్నాయి. ఒకటి రెండింటికి కొనలో వెంట్రుకంత గీత కనిపిస్తే దాని మీద ఇంకో పూత మైనం వేశాను.

కొన్నాళ్లకు, మధ్యాహ్నం పూట, గేటు దగ్గర మాటలు వినిపించాయి. ఇంటివాళ్లమ్మాయి ఎవరితోనో అంటోంది, "మూగావిడ ఇక్కడెవరూ లేరండీ. ఈ లైన్లోనే ఎవరూ లేరు."

"లేకపోవుడేంది? కట్టెలు కొనుక్కపోతది. సన్నగుంటది. ఆటోవాడు గీ సందులనే దించినా అన్నడు."

బయటికి వచ్చాను. ఆమె షెడ్డులోకి చూసింది. గోనెసంచుల కింద నుంచి సపోటా దిమ్మలు కనిపిస్తున్నాయి. ఇంటివాళ్లమ్మాయికి ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చింది. మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఏ దవఖానా?" అంది.

పలక తీసి రాయబోయి ఆగాను. ఆమె పలక వంక చూసింది, నా గొంతు వంక చూసింది.

"నిజంగనే కోసిండ్రా?"

తల ఊపాను.

"నాతోని మాట్లాడినందుకు మల్ల ఖరాబైందా?"

పలక పక్కన పెట్టేశాను. ఆమె లేచి కొంగు సర్దుకుంది. "నడు మరి," అంది.

ఊళ్లో పెద్ద ఆసుపత్రికే వెళ్లాం. ఆమె మాట్లాడేది, నేను రాసేదాన్ని. కౌంటరు దగ్గర ఆమె పేరూ వయసూ నేను రాస్తే, లోపల డాక్టరమ్మ అడిగినవాటికి ఆమె జవాబు చెప్పేది. ఎప్పటినుంచి ఉందంటే, "పోయిన బతుకమ్మ కాడినుంచి," అంది. డాక్టరమ్మ తల ఎత్తి చూసింది. స్కానింగ్ అన్నారు, సూది పరీక్ష అన్నారు. ఫలితం కోసం వెళ్లిన రోజు చాలాసేపు హాల్లో కూర్చోవలసి వచ్చింది. అక్కడ గోడకున్న టీవీలో ఒక సినిమా వస్తోంది. అందులో హీరోయిన్‌కు నేనే చెప్పాను. ఆ అమ్మాయి ఊరు వదిలిపోతున్న హీరోను బస్టాండులో పట్టుకొని తిడుతోంది. హాల్లో వాళ్లందరూ చూస్తున్నారు. ఆమె కూడా చూస్తోంది.

మోచేత్తో పొడిచి, టీవీ చూపించి, నా గొంతు చూపించాను. అర్థం కాలేదు. మళ్లీ చూపించాను.

"గా పిల్లనా? నువ్వా?"

కాదని, నోటి దగ్గర వేళ్లు ఆడించి, మాటలు నావని చెప్పాను.

"గా గొంతు నీదా?" అని టీవీ వైపు చెవి పెట్టి విని, నా వైపు తిరిగింది. "పో. గది తేనె లెక్కున్నది. నీది నేను విన్న గద, రంపం లెక్కుండె."

ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నేను పైకి నవ్వాను. చప్పుడు వచ్చింది. భయపడి వెంటనే నోరు మూసుకున్నాను.

ఫలితం మంచిది కాదు. భయపడ్డట్టే క్యాన్సరు. కానీ ముదరలేదని, ఆపరేషన్ చేసి మందులు ఎక్కిస్తే బాగవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఏడవలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో, "ఇగ కొడుక్కి చెప్పుడు తప్పదు," అంది. చెప్పింది కూడా. ఆశ్చర్యమేమిటంటే, ఆసుపత్రిలో ఆమె పక్కన పడుకున్నది దుమ్ము పడని ఆ కోడలే. అత్తకు జుట్టు రాలిపోతే తన సల్వార్ దుపట్టా తలకు కట్టింది. బస్తీకి ఎవరు చెప్పారో తెలియదు గానీ అందరికీ తెలిసింది. బస్తీ వాళ్లు వంతులవారీగా అన్నం క్యారేజీలు తెచ్చారు.

నేను వారానికి రెండు మూడుసార్లు వెళ్లేదాన్ని. ఆ తిరుగుళ్లలో దిమ్మల్ని పట్టించుకోలేదు. వానలు వెనకపట్టి పొడిగాలి మొదలైనప్పుడు గోనెలు తడిపి కప్పాల్సింది, కప్పలేదు. తీరిక చేసుకొని చూసేసరికి సగానికి పైగా బీటలు వారాయి. నేను ఎంతో ఆశ పెట్టుకున్న పెద్ద దిమ్మ నడిమికి చీలింది. దాన్ని ఒకవైపు పెట్టేశాను. మిగిలినవాటిని గిన్నె ఆకారానికి లావుగా, మొరటుగా చెక్కి, కాగితాల్లో చుట్టి, చెక్కినప్పుడు రాలిన పొట్టులోనే పూడ్చి పెట్టాను. అలా చేస్తే మిగిలిన తడి నెమ్మదిగా పోతుంది. వంకర పోయినా పగలదు. పూర్తిగా ఆరాక రెండోసారి తిప్పి సన్నగా చెయ్యాలి.

నా గొంతు వచ్చింది, కానీ కిందికి దిగి వచ్చింది. పైస్థాయిలో నిలవదు. నేను చెప్పే అమ్మాయిల పాత్రలకు వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఆమె బాగా చెబుతోంది, విన్నాను. ఒక డైరెక్టరు పిలిచి, "మేడమ్, ఒక జడ్జి క్యారెక్టర్ ఉంది, మీ కొత్త గొంతు సరిగ్గా సరిపోతుంది," అన్నాడు. చెప్పాను. తర్వాత ఒక అత్తగారు, ఒక ఊరి సర్పంచ్, ఒక నర్సమ్మ. వాళ్లందరికీ తక్కువ మాటలుంటాయి. సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేస్తాను.

సపోటా గిన్నెల్లో మొదటిది సిద్ధమయ్యేసరికి ఆమెకు జుట్టు మళ్లీ వచ్చింది, పొట్టిగా, రింగులు తిరిగి. అడితికి వచ్చి కూర్చుంటోంది, బరువులు మాత్రం ఎత్తదు. కోడలు మూతికి గుడ్డ కట్టుకొని కాటా చూసుకుంటోంది. మూతతో సహా చిన్న గిన్నె చేసి, నూనె పట్టించి, తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. మూత తీసింది, పెట్టింది.

"గింత చిన్నదానికా, గన్ని రోజులు?" అంది.

"ఆరాలి కదా అక్కా," అన్నాను.

"చెక్క ఆరుడేమో గని, నీ మాట మంచిగైంది. అప్పుడు మొగోని లెక్కుండె."

అందులో వక్కపొడి వేసుకుంటానంది. మంచిదన్నాను. ఎండలు ముదిరాక కోడలు ఫోన్ చేసి, మూత పట్టేసింది, ఎంత లాగినా రావడం లేదు, అత్తమ్మ ఒకటే లొల్లి చేస్తున్నదని చెప్పింది. వెళ్లి చూశాను. గిన్నె కొద్దిగా కోలగా మారింది. కొయ్య ఆరిపోయిందనుకుంటాం గానీ అది రుతువు రుతువుకూ కదులుతూనే ఉంటుంది. తడిగుడ్డ చుట్టి కాసేపు ఉంచి, మెల్లగా తిప్పితే మూత ఊడింది. ఇంటికి తెచ్చి అంచు కాస్త అరగదీసి ఇచ్చాను.

"వానలు పడ్డంక?" అంది ఆమె.

"అప్పుడు వదులవుతుందేమో," అన్నాను.

"వదులైతే వదులు కానీ. మల్ల తీస్కపోకు," అని గిన్నె తీసుకొని కుర్చీ పక్కన పెట్టుకుంది. బయట లారీ వచ్చి ఆగింది. అందులో ఏదో మాను ఉంది, బెరడు చూస్తే నేరేడులా ఉంది. ఇద్దరం లేచి చూడటానికి వెళ్లాం.